క్రూజ్ డిన్నర్ కోసం గౌను కుట్టించుకోవద్దు, చీరే సర్దుకోండి

మా బ్లౌజుల షాపు హైదరాబాద్ నల్లకుంటలో ఉంది. వేసవి వచ్చిందంటే పెళ్లి బ్లౌజులతో ఊపిరాడదు. ఈ మధ్య ఆ రద్దీలోకి ఇంకో రకం వాళ్లు కూడా వచ్చి చేరారు. "మేడమ్, పిల్లలు క్రూజ్ బుక్ చేశారు. రాత్రి భోజనానికి డ్రెస్ కోడ్ ఉంటుందట. ఏం వేసుకోవాలో ఏమిటో, ఒకటే టెన్షన్" అంటారు.

వీళ్లలో సగం మంది అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు. పిల్లలు హ్యూస్టన్, డాలస్ వైపు ఉంటే గాల్వెస్టన్ రేవు నుంచి ఓడెక్కిస్తారు. లేదంటే మయామీ. సియాటిల్ వైపు ఉంటే అలాస్కా. మిగతా సగం సింగపూర్ నుంచి మూడు నాలుగు రాత్రులు తిరిగొచ్చే కుర్ర జంటలు, ఆఫీసు గుంపులు. అందరి ఫోన్లలోనూ ఒకటే బొమ్మ: నేలను ఊడ్చే పొడుగు గౌనులో ఒకావిడ, పక్కన నల్లకోటూ బో టైతో ఆయన. "ఇలాంటిది కుట్టిస్తారా?" అని అడుగుతారు. కుట్టగలను, డబ్బులూ బాగానే వస్తాయి. కానీ ఆ గౌను ఒక్క రాత్రి వేసుకుని బీరువాలో పడేస్తారని తెలుసు కాబట్టి ముందు కూర్చోబెట్టి నాలుగు మాటలు చెబుతాను. అవే ఇక్కడ రాస్తున్నాను. మా అబ్బాయి పుణ్యమా అని నేనూ మా ఆయనా కూడా ఓడెక్కినవాళ్లమే. డైనింగ్ హాల్లో కూర్చుని వచ్చేపోయే వాళ్ల కుట్లూ అంచులూ చూడటం నా వృత్తి జబ్బు.

ముందు ఏ ఓడో కనుక్కోండి

డ్రెస్ కోడ్ అంటే ఓడంతటికీ రోజంతా ఉండేది కాదు. పగలు ఎవరికి నచ్చింది వాళ్లు వేసుకుంటారు. సాయంత్రం ఆరు దాటాక, అదీ మెయిన్ డైనింగ్ రూములో, ఇంకా కొన్ని స్పెషల్ రెస్టారెంట్లలో మాత్రమే ఈ గొడవ. చాలా రాత్రులు క్యాజువల్ లేదా స్మార్ట్ క్యాజువల్, అంటే మామూలువే కానీ కాస్త నీటైన బట్టలు. ఫార్మల్ రాత్రి మూడు నాలుగు రోజుల ట్రిప్పులో ఒకటి, వారం రోజుల ట్రిప్పులో సాధారణంగా రెండు.

ఈ ఫార్మల్ రాత్రిని ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో పిలుస్తుంది. కార్నివాల్ వాళ్లు ఎలిగెంట్ నైట్ అంటారు. సెలబ్రిటీ వాళ్లు ఈవెనింగ్ చిక్ అని పెట్టి పాత పద్ధతిని కాస్త సడలించారు. నార్వీజియన్ ఓడల్లో ఫార్మల్ తప్పనిసరి అనేదే లేదు. అన్నిటికంటే పట్టింపు ఎక్కువ ఉన్నది క్యూనార్డ్ వాళ్లకి. వాళ్ల గాలా ఈవెనింగ్‌కి మగవాళ్లు డిన్నర్ జాకెట్టో (బో టైతో వేసే నల్లకోటు) ముదురు రంగు సూటో వేసుకోవాలి. అయితే ఎవరి దేశపు సంప్రదాయ దుస్తులైనా వేసుకోవచ్చని వాళ్ల నియమాల్లోనే ఉంది. అంత పట్టింపు ఉన్నవాళ్లే చీరనీ షేర్వానీనీ ఒప్పుకుంటుంటే, మిగతా ఓడల గురించి మీరు నిద్ర పాడుచేసుకోవడం దేనికి?

నేను మా కస్టమర్లకి చెప్పే కొలత ఒకటే. ఫార్మల్ రాత్రి అంటే మన పెళ్లి రిసెప్షన్. పెళ్లి కాదు, రిసెప్షన్. ముహూర్తానికి కట్టుకునే బరువు చీర, వడ్డాణం, జడగంటలు వద్దు. రిసెప్షన్‌కి అతిథిగా ఏం కట్టుకుని వెళతారో అదే కట్టుకోండి. మగవాళ్లకీ ఇదే లెక్క. ఎవరి రిసెప్షన్‌కైనా షార్ట్సు, రబ్బరు చెప్పులు, టోపీ వేసుకుని వెళతారా? ఇక్కడా అంతే.

అసలు ముస్తాబయ్యే ఓపికే లేదనుకోండి, ఫార్మల్ రాత్రి కూడా బఫే తెరిచే ఉంటుంది. మామూలు బట్టల్లో పైకెళ్లి తిని రావచ్చు. ఎవరూ ఏమీ అనరు. మా ఆయనైతే రెండో ఫార్మల్ రాత్రి ఆ పనే చేశారు.

ఏ రాత్రి ఏదో ముందే తెలుస్తుంది. కంపెనీ యాప్‌లో ఉంటుంది, ఓడలో రోజువారీ కార్యక్రమాల కాగితంలోనూ వేస్తారు. మామూలుగా ఓడ రేవులో ఆగకుండా రోజంతా సముద్రం మీదే ఉండే రోజున ఫార్మల్ పెడతారు, తయారవడానికి అందరికీ తీరిక ఉంటుందని.

చీరల ఎంపిక

ఓడ గదిలో ఇస్త్రీ పెట్టె ఉండదు. మన పెట్టెలో పెట్టుకుని వెళ్లినా ఎక్కేటప్పుడే తీసి పక్కన పెట్టేస్తారు, నిప్పు భయం వల్ల. బట్టలకి ఆవిరి పట్టే స్టీమర్‌కీ అదే గతి. ప్రిన్సెస్ లాంటి కొన్ని కంపెనీల ఓడల్లో ఇస్త్రీ బల్లలున్న లాండ్రీ గదులుంటాయి. రాయల్ కరీబియన్ వాళ్లవాటిలో ఉండవు, డబ్బులిచ్చి వాళ్లతోనే చేయించుకోవాలి. అందుకే చీర ఎంచుకునేటప్పుడు రంగు, అంచు తర్వాత చూద్దురుగానీ, ముందు దాన్ని గుప్పిట్లో పట్టి నలపండి. వదిలేశాక ముడత నిలిచిపోతే అది ఇంట్లోనే ఉండాల్సిన చీర.

ఈ పరీక్షలో గంజి పెట్టిన మంగళగిరి, నారాయణపేట కాటన్లు ముందే ఓడిపోతాయి. నాకెంతో ఇష్టమైన చీరలవి, అయినా సూట్‌కేసులోంచి తీసేసరికి అప్పడంలా నలిగిపోయి, సముద్రపు తేమకి గంజి కూడా దిగిపోతుంది. జార్జెట్, క్రేప్, షిఫాన్ హాయిగా పాసవుతాయి. పట్టులో నేను మొదట చెప్పేది పోచంపల్లి. ఇకత్‌లో నూలుకే ముందు రంగులద్ది నేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, వెనకవైపు దారాలు వేలాడవు, చెప్పు మడమకి గానీ కాలి మెట్టెకి గానీ తగులుకోవు. తేలిగ్గానూ ఉంటుంది. పైగా తెల్లవాళ్ల టేబుల్ దగ్గర ఎవరో ఒకరు "ఇదెలా నేస్తారు?" అని తప్పకుండా అడుగుతారు, చెప్పడానికి మనకీ సరదా. ఊరు మనకి యాభై కిలోమీటర్లలోపే కదా, ఒక ఆదివారం వెళ్లి మగ్గం చూసి వస్తే జవాబు చెప్పడం తేలిక.

గద్వాల పట్టు కూడా మంచిదే. కంచిపట్టు తీసుకెళ్లాలని పంతమైతే ఒక్కటి చాలు. బరువైన కంచి చీర, లంగా, లైనింగ్ వేసిన వర్క్ బ్లౌజు కలిపితే కిలోన్నర దాకా తూగుతుంది, విమానంలో పచ్చళ్లకి చోటుండదు.

ఇంకో ఉపాయం. అమీర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఇప్పుడు ప్రతి బస్తీలోనూ చీరకి ముందే కుచ్చిళ్లు, పైట మడతలు పెట్టి ఇస్త్రీ చేసి బాక్స్ ఫోల్డింగ్ చేసిచ్చేవాళ్లున్నారు. పెళ్లికూతుళ్ల కోసం మొదలైన పని ఇది. క్రూజ్‌కి దీన్ని మించింది లేదు. చీర అట్టముక్కలా చదునుగా మడిచి వస్తుంది, సూట్‌కేసు అడుగున పరిచేయొచ్చు, గదిలో అయిదు నిమిషాల్లో కట్టుకోవచ్చు. ఓడ గదిలో చీర కుచ్చిళ్లు పోసుకునేంత జాగా ఎక్కడిది? లోపలి గదులు చాలావాటిలో 160 నుంచి 180 చదరపు అడుగులు, అందులోనే మంచం, సోఫా, సూట్‌కేసులు, మొగుడు. ఒక్కటే జాగ్రత్త: బాక్స్ ఫోల్డింగ్ ఇచ్చేముందు మీ నడుం కొలత, పొడవు కొలత, ఆ రోజు వేసుకోబోయే చెప్పులు అక్కడికి తీసుకెళ్లండి. చెప్పు ఎత్తు మారితే కుచ్చిళ్ల పొడవు మారిపోతుంది, మళ్లీ అంతా విప్పుకోవాలి.

పొడవు దగ్గర నా సొంత పట్టుదల ఒకటుంది. ఇక్కడ మనం నేలకి తగిలేలా కడతాం. ఓడ మీద ఒక అంగుళం పైకి కట్టండి. బాత్‌రూము గుమ్మం ఎత్తుగా ఉంటుంది, డెక్ మీదికి వెళ్లే తలుపుల దగ్గర గడప ఉంటుంది, మెట్లు సరేసరి. చీర అంచు తొక్కుకుని తూలేది అక్కడే.

డైనింగ్ హాలు చాలా ఓడల్లో వెనకవైపు ఉంటుంది, ఆటపాటల థియేటర్ ముందువైపు. సింగపూర్ నుంచి చాలామంది ఎక్కిన స్పెక్ట్రమ్ ఆఫ్ ద సీస్ పొడవు 347 మీటర్లు. తిన్న వెంటనే షో అని ఆ పొడవంతా పెన్సిల్ హీల్స్ మీద నడవడం, పైగా అడుగున నేల మెల్లగా కదులుతూ ఉండగా, ఎవరికీ వద్దు. బ్లాక్ హీల్సో, చదును చెప్పులో చాలు. చీర కింద ఎవరికీ కనిపించవు కూడా.

పైటని భుజం దగ్గర మడతలు పెట్టి పిన్ను పెట్టుకోండి, నడుం దగ్గర ఇంకో పిన్ను. వదులు పైట అందంగానే ఉంటుంది, కానీ భోజనం అయ్యాక ఫోటో కోసం డెక్ మీదికి లాక్కెళతారు. అక్కడి గాలి మన ట్యాంక్‌బండ్ గాలి కాదు.

బ్లౌజు నా డిపార్ట్‌మెంట్ కాబట్టి

ఒంటరిగానో స్నేహితులతోనో వెళుతుంటే వెనక డోరీలు, వెనక జిప్పు ఉన్న బ్లౌజు కుట్టించుకోవద్దు. చిన్న గదిలో మెడ వెనక్కి చేతులు తిప్పుకుంటూ, అందనిదాని కోసం కారిడార్లో ఎవర్నో పిలవాల్సి వస్తుంది. ముందు హుక్స్ పెట్టించుకోండి. ఒళ్లు పట్టేసినట్టు కుట్టమని అడిగేవాళ్లకి నేను అర అంగుళం వదులు చెప్పకుండానే వదులుతాను. స్టార్టర్, సూపు, మెయిన్ కోర్సు, స్వీటు అంటూ గంటన్నర సాగే భోజనం అది. పోనుపోను హుక్కులు బిగుస్తాయి.

రాళ్లూ పూసలూ దట్టంగా కుట్టిన మగ్గం వర్క్ చేతుల మీద ఉంటే శాలువాకి పట్టుకుని దారాలు లాగేస్తుంది. శాలువా ఎందుకంటారా? డైనింగ్ హాల్లో ఏసీ చలి మామూలుగా ఉండదు, కరీబియన్‌లో బయట ఎండ మండుతున్నా సరే. పష్మీనా లాంటి పల్చని శాలువా ఒకటి చేతిలో ఉండాలి. మోచేతి దాకా చేతులున్న బ్లౌజైతే ఇంకా మంచిది. మెడ దగ్గర ఎంత వర్కైనా పెట్టించుకోండి, చేతులు మాత్రం సాదాగా వదిలేయండి.

టేబుల్ మీకు కేటాయించే పద్ధతిలో బుక్ చేస్తే రోజూ అదే బల్ల, అదే వెయిటర్, పక్కన అవే ముఖాలు. కట్టిందే కడితే తెలిసిపోతుందని బెంగపడేవాళ్లకి ఒక బంగారు రంగు బ్లౌజు, ఒక నల్ల బ్లౌజు కుట్టిస్తాను. రెండు చీరలతో నాలుగు రాత్రులు గడిచిపోతాయి. మధ్య రాత్రులకి చీరే కట్టనక్కర్లేదు. స్మార్ట్ క్యాజువల్ అంటే మంచి సల్వార్ సూట్, కుర్తీ, పలాజో చాలు. నగల గురించి ఒక్కమాట: బంగారం బ్యాంకు లాకర్లో ఉండనివ్వండి, వన్ గ్రామ్ గోల్డ్ సెట్టు, లాడ్ బజార్ లక్క గాజులు పట్టుకెళ్లండి. ఆ గాజులకి ఓడలో వచ్చే మెప్పు నెక్లెస్‌కి రాదు.

నలుపూ తెలుపూ

ఫార్మల్ రాత్రి హాల్లో ఎటు చూసినా నలుపే. మన పెద్దవాళ్లకి నల్లచీర మనసొప్పదు, వదిలేయండి. ముదురు ఆకుపచ్చ, వంకాయ రంగు, నేవీ బ్లూ అంతకంటే నిండుగా ఉంటాయి. తెలుపుతో ఇంకో చిక్కు. ఎంఎస్‌సీ, కోస్టా లాంటి ఓడల్లో ఒక రాత్రి అందరూ తెల్లబట్టల్లో రావడం ఆనవాయితీ. విద్యానగర్ నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ టీచరు గారు "ఆయన పక్కన ఉండగా నేను తెల్లచీర కట్టుకోవడమేంటమ్మా?" అని తేల్చి చెప్పేశారు. ఆవిడకి హాఫ్‌వైట్ మీద ఎర్రంచు పోచంపల్లి చూపించాను, మీద ఎర్ర బ్లౌజు. ఆవిడ మాటా నెగ్గింది, ఓడ ఆనవాయితీ కూడా. ఆ రాత్రి తెలుపు వేసుకోకపోయినా ఎవరూ బయటికి పంపరు.

మగవాళ్లు

తెలుగు మగవాడి బీరువాలో ఒక సూటు తప్పకుండా ఉంటుంది, తన రిసెప్షన్‌ది. అది ఇప్పుడు పట్టదు. ప్రయాణానికి నెల ముందే తొడిగి చూసుకోండి. టైలర్ కుట్టిన ప్యాంటైతే వెనక మధ్య కుట్టులో లోపల బట్ట వదిలి ఉంటుంది, నడుం అంగుళమో అంగుళంన్నరో పెంచొచ్చు. కోటు పక్క కుట్లలో అంత ఉండదు. గుండీ పట్టకపోతే విప్పుకునే తిరగొచ్చు, కానీ ఫోటోలో తెలుస్తుంది. ఓడ ఫోటోగ్రాఫర్లు ఆ రాత్రే అడుగడుగునా స్టాండ్లు పెట్టుకుని కాచుకుని ఉంటారు.

కొత్తగా కుట్టించేట్టయితే సూటు వద్దని నా సలహా. మెడ దాకా గుండీలుండే బంద్‌గలా కోటు కుట్టించండి. టై కట్టడం రాకపోయినా ఫర్వాలేదు, లోపల చొక్కా నలిగినా కనపడదు, ఇంట్లో ఉన్న నల్లప్యాంటు మీదికే సరిపోతుంది, తిరిగొచ్చాక పెళ్లిళ్లకీ పనికొస్తుంది. మా ఆయనకి జనరల్ బజార్‌లో బట్ట తీసుకుని కుట్టించాం. షేర్వానీ ఇష్టమైతే పత్తర్‌గట్టీకి వెళ్లండి. అయితే పెళ్లికొడుకు జరీ పనిది కాకుండా సాదా నలుపో క్రీమ్ రంగో అడగండి. కొనేముందు ఒకసారి కుర్చీలో కూర్చుని చూడండి. పక్క చీలిక తక్కువైతే బల్ల దగ్గర కూర్చున్నప్పుడు ఛాతీ దగ్గర ఉబ్బుతుంది.

పంచె కట్టుకోవచ్చా అని చాలామంది మొహమాటపడుతూ అడుగుతారు. పట్టుపంచె, లాల్చీ, కండువా నిస్సంకోచంగా కట్టుకోండి, అది మన ఫార్మలే. ఊగే నేల మీద ముడి నమ్మకం లేకపోతే వెల్క్రో పంచె ఉంది. లుంగీ మాత్రం గది గుమ్మం దాటకూడదు.

మిగతా రాత్రులకి కాలర్ ఉన్న చొక్కా, నిండు ప్యాంటు, ముందు మూసిన చెప్పులు. జీన్స్ చాలా ఓడల్లో మామూలు రాత్రుల్లో నడుస్తాయి, చిరుగులు లేకుండా ఉంటే. లాల్చీ పైజమా మీద నెహ్రూ జాకెట్ వేస్తే ఏ రాత్రికైనా సరిపోతుంది. పిల్లలకేమీ కొనకండి. మొన్నటి పెళ్లికి కుట్టించిన పట్టులంగా, కుర్తా పైజమా ఇంకా పడితే అవే.

సర్దుకునేటప్పుడు

రేవులో సూట్‌కేసులు అప్పగించేస్తే అవి గదికి చేరేసరికి సాయంత్రమో, ఒక్కోసారి రాత్రో అవుతుంది. మొదటి రాత్రి ఎలాగూ క్యాజువలే, అయినా ఒక జత బట్టలు, మందులు చేతి సంచీలో పెట్టుకోండి. లేకపోతే విమానం దిగిన బట్టలతోనే బల్ల దగ్గర కూర్చోవాలి.

గదిలో హ్యాంగర్లు చాలవు. గోడలు చాలావరకు ఇనుప రేకువి కాబట్టి అయస్కాంతం కొక్కేలు నాలుగు కొనుక్కెళితే చీరలు వాటికి తగిలించొచ్చు. జార్జెట్ కాస్త నలిగి ఉంటే స్నానం చేసేటప్పుడు బాత్‌రూములో వేలాడదీయండి, ఆవిరికి సాగిపోతుంది. పట్టుకి మాత్రం ఈ పని చేయొద్దు, నీటి చుక్క పడితే మచ్చ నిలుస్తుంది. బల్ల దగ్గర చీర మీద నూనె పడిందనుకోండి, నీళ్లతో రుద్దకండి. టిష్యూతో అద్ది, గదికి రాగానే టాల్కమ్ పౌడర్ దట్టంగా చల్లి పొద్దుటి దాకా వదిలి దులపండి. మిగిలింది ఇక్కడి డ్రైక్లీనింగ్ వాడు చూసుకుంటాడు. సూది, దారం, పిన్నీసులు చెక్-ఇన్ లగేజీలో, చిన్న డబ్బాలో.

తిరిగొచ్చాక జరీ చీరని అలాగే మడిచి బీరువాలో పెట్టకండి. తేమ పట్టిన జరీ నల్లబడుతుంది. ఒకపూట నీడలో, ఫ్యాను గాలికి ఆరేసి, పాత నూలుపంచె ముక్కలో చుట్టి పెట్టండి. ఫాల్ ఊడిపోతేనో, బ్లౌజు విప్పి కుట్టాల్సి వస్తేనో శ్రావణమాసం రాకముందే తీసుకురండి. వరలక్ష్మీవ్రతం ఆర్డర్లు మొదలయ్యాక మూడు వారాల దాకా నన్ను అడగొద్దు.